యావజ్జీవ ద్వీపాంతరం పడిన మా ముత్తాత 22 ఏళ్ళకు ఇంటికి ఎలా వచ్చాడు?

నాగావళి_గట్టు
మా ఇంట్లో మూడు తరాలుగా గొంతు తగ్గించి చెప్పుకునే విషయం ఇది. మా తాతగారి తండ్రి 1904లో పొలం గట్టు తగాదాలో ఒక మనిషిని చంపాడు. యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష పడి అండమాను పంపారు. ఇంట్లో వాళ్ళు ఇక రాడని అన్ని ఆశలూ వదులుకున్నారు. ముత్తవ్వ మాత్రం బొట్టు తీయలేదు. 1926లో ఒక సాయంత్రం నడుచుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చున్నాడట.

ఎలా వచ్చాడన్నదానికి ఇంట్లో రెండు కథలున్నాయి. రాణిగారు క్షమాభిక్ష పెట్టారని ఒకటి, తెప్ప కట్టుకుని తప్పించుకున్నాడని ఇంకొకటి. రెండూ నాకు నమ్మబుద్ధి కావడం లేదు. చనిపోయేదాకా ఊళ్ళోనే బహిరంగంగా బతికాడు, పారిపోయి వచ్చినవాడిని పోలీసులు వదలరు కదా. అప్పటి జైళ్ళలో మంచి నడవడి చూసి ముందే వదిలేసే పద్ధతి ఏమైనా ఉండేదా?

ఇంకో చిన్న సంగతి. మా ఇంటిని ఊళ్ళో ఇప్పటికీ ‘తండేలు గారి ఇల్లు’ అంటారు. మేం వ్యవసాయదారులం. మాలో వల పట్టినవాళ్ళు ఎవరూ లేరు. ఓడలో వచ్చాడు కాబట్టి ఆ పేరు పెట్టారని నాన్న చెప్పేవారు.

బందరు_బాబ్జీ
యావజ్జీవం అంటే 14 ఏళ్ళే కదా? అలా చూస్తే మీ ముత్తాతను ఎనిమిదేళ్ళు ఎక్కువే ఉంచారు.

కోర్టు_గుమస్తా
బాబ్జీ గారూ, ఈ మాట కోర్టు వరండాలో రోజూ వింటాను. యావజ్జీవం అంటే బతికినంత కాలం. 1961లో గోపాల్ గోడ్సే కేసులో సుప్రీంకోర్టు ఆ మాటే తేల్చి చెప్పింది. 14 ఏళ్ళ లెక్క 2024 దాకా అమల్లో ఉన్న నేర విచారణ స్మృతిలో 1978లో చేర్చిన 433-ఏ సెక్షనుది. కొన్ని రకాల కేసుల్లో ప్రభుత్వం దయ చూపినా 14 ఏళ్ళకు ముందు వదలకూడదన్నది దాని సారం. అది గడప లాంటిది, దాటితే చాలు ఇంటికి పంపుతారని కాదు. తెల్లదొరల కాలంలో తగ్గింపు లెక్క వేయడానికి యావజ్జీవాన్ని 20 ఏళ్ళుగా పట్టేవారు.

తెప్ప కథ సంగతి అటుంచి, రాణిగారి కథ మాత్రం నిలవదు. విక్టోరియా రాణి 1901లోనే పోయారు.

నాగావళి_గట్టు
నిజమే! ఇన్నేళ్ళుగా చెప్పుకుంటున్నాం, ఈ లెక్క ఎవరికీ తట్టలేదు.

పోర్ట్‌బ్లెయిర్_పద్మజ
నేను పాతికేళ్ళుగా పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంటున్నాను, పిల్లలకు చరిత్ర చెబుతాను. మీ ముత్తాత పారిపోలేదు, ఆయనకు ఎవరూ భిక్షా పెట్టలేదు. 22 ఏళ్ళూ పని చేసి విడుదల సంపాదించుకున్నాడు. అది ఇక్కడి నియమమే.

ఆయన వచ్చిన కాలంలో యావజ్జీవ ఖైదీకి మెట్లు ఇలా ఉండేవి. ముందు ఆరు నెలలు సెల్యులార్ జైలు గదిలో ఒంటరితనం. 1896లో మొదలుపెట్టిన ఆ జైలు 1906కు పూర్తయింది, అంటే ఈయన వచ్చేసరికి ఇంకా కడుతున్నారు. తరువాత ఏడాదిన్నర నలుగురితో కలిసి ఉండే జైలు, అక్కడ పని చాలా కష్టం. ఆ పైన మూడేళ్ళు పగలు బయట కూలి, రాత్రి బారకాసులో తాళం. ఈ ఐదేళ్ళలో చేతికి ఒక్క కానీ రాదు. ఆ తరువాతి ఐదేళ్ళలో పని కొంచెం తేలిక, చాలా కొద్దిపాటి భత్యం, నమ్మకస్తులకు తోటి ఖైదీల మీద చిన్న చిన్న అధికారాలు.

ఇలా పదేళ్ళు మచ్చ లేకుండా గడిస్తే ‘సెల్ఫ్ సపోర్టర్’ చీటీ. ఊళ్ళో ఉండి సొంతంగా పొలం చేసుకోవచ్చు, పశువులు పెంచుకోవచ్చు, పెళ్ళి చేసుకోవచ్చు, లేదా ఇంటి దగ్గర నుంచి కుటుంబాన్ని పిలిపించుకోవచ్చు. అయినా స్వేచ్ఛ కాదు. దీవి దాటకూడదు, ఖాళీగా కూర్చోకూడదు, పౌరహక్కులేవీ లేవు. మొత్తం మీద 20 నుంచి 25 ఏళ్ళు సక్రమంగా ఉంటే పూర్తి విడుదల. 1904 నుంచి 1926 అంటే సరిగ్గా ఆ లెక్కలోనే ఉంది.

నాగావళి_గట్టు
ఇది చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. కుటుంబాన్ని పిలిపించుకునే వీలుంటే ముత్తవ్వను ఎందుకు పిలవలేదు?

పోర్ట్‌బ్లెయిర్_పద్మజ
పిలిచినా రాకపోయి ఉండవచ్చు. ఆ రోజుల్లో నల్లనీళ్ళు దాటడం అంటే కులం పోవడమే. ఇంకో సంగతి కూడా ఉంది, మీ మనసు నొప్పించాలని కాదు. ఇక్కడ ఖైదీలుగా వచ్చిన ఆడవాళ్ళకు కొన్నేళ్ళ తరువాత పెళ్ళికి అనుమతి ఉండేది. అలా ఏర్పడిన కుటుంబాల వారసులను ఇక్కడ ‘లోకల్ బోర్న్’ అంటారు. నా తరగతిలో ఏటా ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఇంటి పేరు అడిగితే ఏ ప్రాంతం నుంచి వచ్చిందో వాళ్ళకే తెలియదు.

గోదారి_గాలి
ఎంత చెడ్డ పాలనైనా, ఈ ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. మనిషి మారతాడని నమ్మి దారి చూపించారు. ఈ రోజుకీ ఆగస్టు 15న సత్ప్రవర్తన ఖైదీల విడుదల అని పేపర్లో చదువుతాం కదా, దానికి మొదలు అక్కడే.

లెక్కల_మాస్టారు
గోదారి_గాలి గారూ, మెచ్చుకునే ముందు ఒకసారి లెక్క వేసి చూద్దాం.

1894 జైళ్ళ చట్టంలో ‘రెమిషన్ పద్ధతి’కి నిర్వచనం ఉంది. ఖైదీలకు మార్కులు వేయడం, వాటిని బట్టి శిక్షను తగ్గించడం. మన పరీక్షల మాటే, మార్కులు! ఆ తరువాత వచ్చిన జైలు నియమావళుల్లో మార్కుల బదులు రోజులు కనిపిస్తాయి. పంజాబు నియమావళి తీసుకోండి. నెలంతా మంచి నడవడికి 2 రోజులు, రోజువారీ పని పూర్తి చేసినందుకు 2 రోజులు. ఏడాది పొడవునా ఏ తప్పూ లేకపోతే ఇంకో 15. మొత్తం ఏడాదికి 63 రోజులు. తగ్గింపు ఎంత పోగైనా శిక్షలో నాలుగో వంతు దాటకూడదు.

పదేళ్ళ శిక్ష పడిన మామూలు ఖైదీ ఒక్కరోజు కూడా పోగొట్టుకోకుండా నడుచుకుంటే సుమారు ఎనిమిదిన్నర ఏళ్ళకు బయటపడతాడు. నాలుగో వంతు అంటే ఏడున్నర ఏళ్ళకే రావాలి. వాడు ఆ గీత ఎన్నటికీ అందుకోలేడు.

మరి ఎవరు అందుకుంటారు? రాత్రి కాపలా చేసే ఖైదీకి నెలకు 5 రోజులు, ఓవర్సీరు ఖైదీకి 6, వార్డరు ఖైదీకి 8. వార్డరుకు ఏడాదికి 96, పైన 15, మొత్తం 111. దానికి ప్రత్యేక తగ్గింపు ఇంకో 30 రోజుల వరకు కలిస్తేనే నాలుగో వంతు దొరుకుతుంది. అంటే పూర్తి ఫలం తోటివాళ్ళకు కాపలా కాసినవాడికే. మంచితనానికి నెలకు 2 రోజులు, దొరగారి తాళంచెవి మోసినందుకు 8. ఏది ఖరీదైనదో నియమావళే చెబుతోంది.

బందరు_బాబ్జీ
మాస్టారూ, మీరు మా తరగతికి వచ్చి ఉంటే నాకు లెక్కల్లో రెమిషన్ దొరికేది.

ఇందిర_విజయవాడ
ఆ ప్రత్యేక తగ్గింపు దేనికి ఇచ్చేవారు?

లెక్కల_మాస్టారు
చేతిపని ఇతరులకు బాగా నేర్పినందుకు, పని బాగా ఎక్కువగా చేసినందుకు, అధికారి మీద దాడి జరిగితే అడ్డుపడినందుకు, గొడవో మంటలో లేచినప్పుడు సాయపడినందుకు. జైలు క్రమశిక్షణ ఎవరు తప్పుతున్నారో పట్టించినందుకు కూడా. ఇంకోటి ఉంది, నేను రెండుసార్లు చదువుకున్నాను. ఇచ్చిన బట్టలు చిరగకుండా పొదుపుగా కట్టుకున్నందుకు!

ఇందిర_విజయవాడ
బట్టలు చిరగకుండా గానుగ తిప్పడం, తిరగలి విసరడం. ఆ నియమం రాసినవాళ్ళు ఒక్కరోజు ఆ పని చేసి చూడవలసింది.

గోదారి_గాలి
మాస్టారి లెక్క కాదనను. మా మామగారు ముప్ఫై ఏళ్ళు జైలు శాఖలో పనిచేశారు, రోజూ భోజనాల దగ్గర ఆయన చెప్పేది వేరు. రోజులు తగ్గుతాయన్న ఆశ ఉన్న ఖైదీ తిండి తింటాడు, నిద్రపోతాడు, ఉత్తరం రాస్తాడు. ఆశ లేనివాడు గోడవైపు తిరిగి పడుకుంటాడు. హిస్టరీ టికెట్ (ఖైదీ వివరాలు రాసే చీటీ) మీద రాసిన తగ్గింపు రోజులను వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాళ్ళను ఆయన ఎందరినో చూశారు. దొరలకు స్వార్థం ఉందనే అనుకుందాం. ఆ నాలుగు రోజులు ఖైదీకి నిజమైన రోజులే కదా.

సింగపూర్_శేషు
ఈ పద్ధతి అండమానులో పుట్టలేదు, అంతకు ముందే మనవాళ్ళ మీద అమలైంది. సుమత్రా దీవిలోని బెంకూలెన్‌కు 1787 నుంచి మన దేశపు ఖైదీలను పంపేవారు. అక్కడ గవర్నరుగా ఉన్న రాఫెల్స్ వాళ్ళను మూడు తరగతులు చేశాడు. నడవడి బాగున్నవాళ్ళకు భూమి, కోర్టులో సాక్ష్యం చెప్పే హక్కు. మధ్యవాళ్ళకు మామూలు పని. చెడ్డవాళ్ళకు గట్టి పని, రాత్రి తాళం. ఆయన వాదన సూటిగా ఉంటుంది. గడువు శిక్ష పడిన దుర్మార్గుడు గడువు తీరగానే వెళ్ళిపోతున్నాడు, యావజ్జీవం పడినవాడు ఎంత మంచిగా ఉన్నా చచ్చేదాకా పని చేస్తున్నాడు, ఇదేం న్యాయం అని.

బెంకూలెన్ డచ్చివాళ్ళకు పోయాక ఆ ఖైదీలను సింగపూర్ తెచ్చారు. 1825 ఏప్రిల్ 18న దిగిన మొదటి జట్టు 80 మంది, అందరూ మద్రాసు నుంచి శిక్ష పడి వచ్చినవాళ్ళే. మద్రాసు అంటే అప్పుడు మన కోస్తా జిల్లాలు కూడా.

ఇక్కడ సెయింట్ ఆండ్రూస్ చర్చి 1856 నుంచి 1861 మధ్య ఆ ఖైదీల చేతులతో కట్టిందే. లోపలి గోడలకు మద్రాసు సున్నం పూశారు. గవ్వల సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, బెల్లం కలిపి మెత్తగా నూరి, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్ళతో పదును చేసి, ఆరాక స్ఫటికపు రాయితో రుద్దేవారు. మొదటిసారి లోపలికి వెళ్ళినప్పుడు మా అమ్మమ్మ గారి ఊరి మేడ గోడే గుర్తొచ్చింది. చేత్తో తాకాను. కళ్ళు తడిశాయి.

సింగపూర్‌లో తరగతులు ఆరు అయ్యాయి. పైతరగతికి విడిగా బతికే చీటీ, రెండో తరగతి నుంచి ఖైదీ అధికారులు. ఖైదీలకు ఖైదీలే కాపలా. వాళ్ళ హోదాల పేర్లు ప్యూను, టిండాల్, అలా ఉండేవి. అండమానుకూ అవే పేర్లు వెళ్ళాయి.

భీమిలి_తీరం
శేషు గారూ, ఆ మాట ఇంకోసారి చెప్పండి. టిండాల్?

సింగపూర్_శేషు
అవును, టిండాల్. కొంతమంది ఖైదీల మీద పెద్ద. అండమానులో పెటీ ఆఫీసరుకు పైన టిండాలు, ఆ పైన జమాదారు.

భీమిలి_తీరం
అది మా మాట! మా నాన్న తండేలు. పడవ మీద మనుషులకు పెద్దను మా తీరంలో తండేలు అంటాం. దొరల ఓడల్లో ఆ మాట నోరు తిరగక టిండాల్ అయింది. మలయాళంలోనూ మరాఠీలోనూ దగ్గర మాటలున్నాయి. అర్థం ఒక్కటే, గుంపుకు నాయకుడు.

నాగావళి_గట్టు గారూ, మీ ముత్తాతకు ఆ పేరు ఓడలో వచ్చినందుకు రాలేదు. ఓడలో వచ్చినవాళ్ళందరినీ తండేలు అంటే మా ఊళ్ళో మామూలు మనిషే మిగలడు. ఆయన అక్కడ టిండాల్ చేసి ఉంటాడు.

పోర్ట్‌బ్లెయిర్_పద్మజ
నాకు తట్టలేదు సుమండీ. సరిపోతోంది. ఐదో ఏడు దాటాక ఇచ్చే ఆ చిన్న అధికారాలు ఇవే.

నాగావళి_గట్టు
రెండు రోజులు ఇటు రాలేదు. మాస్టారి లెక్క మళ్ళీ మళ్ళీ చదివాను. నా మనసులో ఉన్న ముత్తాత గానుగ తిప్పి తిప్పి ఇంటికొచ్చిన మనిషి. ఇప్పుడు చూస్తే బెల్టు కట్టుకుని గానుగ పక్కన నిలబడినవాడు. తోటి తెలుగువాడిని కూడా కొట్టి ఉంటాడా? ఎవరి వీపు మీద నడిచి మా ఇంటి అరుగు దాకా వచ్చాడు?

లెక్కల_మాస్టారు
నేను రాసింది పద్ధతి గురించి, మీ ముత్తాత గురించి కాదు. బాధపడకండి. ఇద్దరు ఖైదీలను పక్కపక్కన నిలబెట్టి, ఒకడు రెండోవాణ్ణి కాస్తే ఇంటికి తొందరగా పంపుతామన్నది ఎవరు? తప్పు ఆ బేరం పెట్టినవాడిది.

గోదారి_గాలి
టిండాల్ అయినవాళ్ళందరూ కొట్టినవాళ్ళు కాదండీ. చూసీ చూడనట్టు వదిలేసినవాళ్ళూ ఉంటారు.

ఇందిర_విజయవాడ
ఉంటారు. కొట్టినవాళ్ళే ఎక్కువ ఉంటారు. ఆ జైలు నుంచి వచ్చిన స్వాతంత్ర్య యోధుల జ్ఞాపకాల్లో పెటీ ఆఫీసర్ల పేరు మంచిగా వినపడదు. నాగావళి_గట్టు గారికి అబద్ధం చెప్పి ఓదార్చడం నాకు ఇష్టం లేదు. ఆయన అడిగింది నిజం కోసం.

నాగావళి_గట్టు
అవును ఇందిర గారూ. నిజమే చెప్పండి.

కోర్టు_గుమస్తా
దొరల ఫైల్లో ‘మంచి నడవడి’కి విలువ ఎంతో తెలియాలంటే షేర్ అలీ సంగతి చూడాలి. హత్య కేసులో వచ్చిన ఈ పఠాను అండమానులో నెమ్మదస్తుడని పేరు తెచ్చుకున్నాడు. క్షురకుడి పని ఇచ్చి కొంత స్వేచ్ఛగా తిరగనిచ్చారు. 1872 ఫిబ్రవరి 8 సాయంత్రం హోప్‌టౌన్ రేవులో వైస్రాయ్ మేయోను కత్తితో పొడిచి చంపింది అతనే. ఆ వైస్రాయ్ వచ్చిందే ఖైదీల వసతులు చూడడానికి.

1890లో ప్రభుత్వం పంపిన అధికారులు లయల్, లెత్‌బ్రిడ్జ్ వచ్చి చూసి, మన దేశపు జైలు కంటే అండమానే మేలని ఖైదీలు అనుకుంటున్నారు కాబట్టి మొదట్లోనే కఠినంగా ఒంటరి దశ పెట్టాలన్నారు. సెల్యులార్ జైలు పుట్టింది అందుకే. పైమెట్టు తీయలేదు, మొదటి మెట్టును మాత్రం పదును చేశారు.

పాత_కాగితాలు
ఈ ఆలోచనను నిజాయితీగా నమ్మినవాడు ఒకడున్నాడు, అతని పేరు చెప్పకుండా ఈ చర్చ ముగిస్తే అన్యాయం. అలెగ్జాండర్ మెకానకీ. నౌకాదళం మనిషి, తానే ఫ్రెంచివాళ్ళ చేతిలో రెండేళ్ళకు పైగా యుద్ధఖైదీగా ఉన్నాడు. 1840లో ఆస్ట్రేలియాకు తూర్పున ఉన్న నార్‌ఫోక్ దీవికి అధికారిగా వెళ్ళాడు. శిక్షను ఏళ్ళలో కాకుండా పనిలో కొలవాలన్నాడు. ఇన్ని మార్కులు సంపాదించు, తాళంచెవి నీ చేతిలోనే ఉంది అన్నాడు. ఆస్ట్రేలియాలో విడుదల చీటీలు అంతకు ముందే ఉన్నాయి. ఏడేళ్ళ శిక్షకు నాలుగేళ్ళు, పద్నాలుగుకు ఆరు, యావజ్జీవానికి ఎనిమిదేళ్ళు బాగా ఉంటే చీటీ ఇచ్చేవారు. కాని అది యజమాని దయ, అధికారి దయ. మెకానకీ దానిని ఖైదీ హక్కు చేయాలనుకున్నాడు.

వెళ్ళిన ఏడాదే రాణి పుట్టినరోజుకు తలుపులు తెరిచి, ఖైదీలందరికీ విందు పెట్టి నాటకం ఆడించాడు. సాయంత్రం పిలుపు మోగగానే అందరూ తిరిగి వచ్చేశారు. లండన్‌లో మాత్రం గగ్గోలు పుట్టింది. 1844 కల్లా పంపేశారు.

మన జైళ్ళకు వచ్చింది ఆయన మార్కులే. ఆయన నమ్మకం దారిలో ఎక్కడో రాలిపోయింది.

బందరు_బాబ్జీ
రంప తిరుగుబాటులో మన గాం మల్లుదొర కూడా అండమాను వెళ్ళివచ్చారు కదా? ఆయన కూడా ఇలా రోజులు సంపాదించుకునే వచ్చారా?

కోర్టు_గుమస్తా
ఆ దారి వేరు బాబ్జీ గారూ. అల్లూరి అనుచరులది ప్రభుత్వం మీద యుద్ధం కేసు. మల్లుదొరకు ఉరి తగ్గి యావజ్జీవం అయింది. 1937లో వచ్చారు, 1952లో లోక్‌సభ సభ్యులయ్యారు. అలాంటివాళ్ళ విడుదలను నిర్ణయించేది జైలు లెక్కలు కాదు, బయటి రాజకీయం.

వేదిక_నిర్వాహకుడు
రాజకీయ ఖైదీల విడుదలలు, క్షమాపణ పత్రాల మీద వచ్చిన తొమ్మిది పోస్టులను వేరే చర్చకు మార్చాను. ఇక్కడ నాగావళి_గట్టు గారి ప్రశ్న మీదే ఉందాం.

నాగావళి_గట్టు
నిన్న మా పెద్ద అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. 91 ఏళ్ళు. ముత్తాతను చిన్నప్పుడు చూసినది ఇప్పుడు ఆమె ఒక్కతే, ఆమెకు ఆయన తాతగారు. టిండాల్ మాట చెప్పలేదు, తాతగారు ఎలా ఉండేవారని మాత్రం అడిగాను.

‘ఎవరినీ కొట్టేవాడు కాదురా. ఎద్దును కూడా అదిలించేవాడు కాదు. రాత్రిపూట మాత్రం లేచేవాడు. వరసగా పడుకున్న పిల్లల దగ్గరికి వచ్చి లెక్కపెట్టేవాడు. హిందీలో ఒకటి, రెండు అంటూ. మళ్ళీ ఇంకోసారి వచ్చేవాడు. మాకు అది ఆటలా ఉండేది, నిద్ర నటించి నవ్వు ఆపుకునేవాళ్ళం’ అంది.

పోర్ట్‌బ్లెయిర్_పద్మజ
రాత్రి బారకాసులో తలలు లెక్కపెట్టే పని.

ఆయన మెడలో ఉండే చెక్క బిళ్ళ ఏమైనా ఇంట్లో ఉందేమో అడిగారా? ఖైదీ నంబరు, నేరం సెక్షను, శిక్ష తేదీ దాని మీదే ఉండేవి. నంబరు దొరికితే వెతకడం చాలా తేలిక.

నాగావళి_గట్టు
ఫోను చేసి అడిగాను. అత్తయ్య వెంటనే అంది, ‘తాతయ్య పెట్టెలో ఒక చెక్క ముక్క ఉండేది, దానితోనే మేం తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం’ అని. ఏవో అక్షరాలు చెక్కి ఉండేవట. ఆమెకు అప్పటికి చదువు రాదు. వానాకాలం వాకిట్లో పోయిందట.

వచ్చే వారం చెన్నై వెళ్తున్నాను. పేరు, తండ్రి పేరు, ఊరి పేరు ఉన్నాయి. ఇవి చాలుతాయా?

పాత_కాగితాలు
ప్రయత్నించవచ్చు. ఎగ్మూరులో ఉన్న తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రభుత్వపు న్యాయశాఖ సంపుటాలు అడగండి. అక్కడ దొరకకపోతే ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్‌లో హోం శాఖ కింద పోర్ట్‌బ్లెయిర్ విభాగం విడిగా ఉంది. 1926 విడుదల కాగితం అక్కడ ఉండే అవకాశం ఎక్కువ. ‘తండేలు’ అని వెతకవద్దు, అది ఊరు పెట్టిన పేరు. మీది శ్రీకాకుళం తాలూకా అయితే 1904 నాటికి అది గంజాం జిల్లాలో ఉంది, పేరు చికాకోలు అని రాసేవారు. విశాఖపట్నం జిల్లా సూచికలు మాత్రమే చూసి తిరిగి రాకండి.

నాగావళి_గట్టు
గంజాం, చికాకోలు. రాసుకున్నాను. అత్తయ్య తానూ వస్తానంటోంది.